కొలువు కుదుర్చువాని హితోపదేశము

తిరుపతిలో సొంత ఇల్లు గలవానికి బంధువులకు కొదవ యుండదు. శ్రీకాకుళము మొదలుకొని చెన్నపట్నము వరకు ఎవరెవరి తాతలకు మన తాతలతో ఏ పెండ్లి పందిటిలోనో పరిచయము కలిగినదో, వారందరును ఏటికొక్క పర్యాయమైనను కొండకు వచ్చి, మన యింట దిగి, మన కాఫీ త్రాగి, "దేవస్థానంలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" యని యడిగి, లేరనిన నమ్మక, ఉండియు దాచుచున్నామని నొచ్చుకొని పోవుదురు. ఇది ఈ యూరివారి కందరికిని సామాన్య ధర్మము. నా విషయమున దీని కొక విశేష ధర్మము కూడ సంప్రాప్తమైనది. సాంకేతిక విద్య నభ్యసించినవారిని వెదకి కంపెనీలకు చూపించుట నా వృత్తి. దీనిని లోకులు కన్సల్టెన్సీ యందురు. మా మేనత్త మాత్రము "మావోడు ఉద్యోగాలు వేయిస్తా ఉండాడు" అని పీలేరు నుండి పలమనేరు వరకు చాటింపు వేసినది. ఆనాటి నుండి కొండకు వచ్చినవారు దర్శనపు టికెట్టుతో ఆగక, సంచిలో అరటిపండ్ల క్రింద మడిచిపెట్టిన కుమారుని బయోడేటాను గూడ బయటికి దీసి, ఒక్క యాత్రకు రెండు వరములు కోరుచున్నారు. మొదటిది స్వామి యనుగ్రహించును. రెండవది నేను అనుగ్రహింపవలెనట!

ఈ సందర్భమున ఒక సత్యమును ముందుగా మనవి చేయవలసి యున్నది. ఉద్యోగ మిచ్చునది కంపెనీ, చేయువాడు అభ్యర్థి, ఆ జీతమును ఆసాంతము అనుభవించునది గృహరుణ మిచ్చిన బ్యాంకు. నడుమ నిలిచి తలుపు తట్టువాడను నేను. తలుపు తెరువబడినచో, కుదిరిన వ్యక్తి సంవత్సర వేతనములో 8.33 శాతము, అనగా ఒక నెల జీతమునకు సమానమైన మొత్తము, కంపెనీయే నావంటివానికి చెల్లించుట మన దేశమున తరచుగా కనిపించు పరిపాటి. అభ్యర్థి దమ్మిడీ ఇయ్యనక్కరలేదు. కావున "బ్యాక్‌డోర్‌లో వేయిస్తాం, రెండు లక్షలు కట్టు" అని యెవడైన పలికినచో, ఆ దొడ్డివాకిలికి ఇల్లే లేదని గ్రహించి వెనుదిరుగుట శ్రేయస్కరము.

మా ప్రాంతమున ఉద్యోగములు లేవను మాట ఇప్పుడు చెల్లదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1959లో దాని ఇంజనీరింగు కళాశాలయు వెలసిన పిమ్మట చాలకాలము వరకు, ఇచ్చట చదివిన ఇంజనీరు మదరాసు రైలో బెంగుళూరు బస్సో యెక్కక తప్పెడిది కాదు. 1985లో పుట్టిన అమరరాజా సంస్థ కరకంబాడిలో బ్యాటరీలు చేసినది. 2008లో సత్యవేడు వైపున శ్రీసిటీ వెలసి, నేడు ఒకే ప్రాంగణమున వాహనములు, ఏసీలు, చాక్లెట్లు తయారగుచున్నవి. రేణిగుంట చుట్టును ఎలక్ట్రానిక్సు కర్మాగారములు లేచినవి. 2015లో ప్రారంభమైన ఐఐటీ యిప్పుడు ఏర్పేడు దగ్గర నున్నది. ఇంతయు ఇంటి ముంగిట నుండగా, మెకానికల్ ఇంజనీరింగు చదివిన చిరంజీవి యొకడు నా యెదుట కూర్చుండి, "ఫ్యాక్టరీ వద్దు సార్, ఉక్క. సాఫ్ట్‌వేర్ అయితే ఏసీలో కూర్చోవచ్చు" అనును. ఏసీలు తయారుచేయు చోటనే ఏసీ యుండదని యితనికి బోధించిన గురువెవ్వరో!

ఇక బయోడేటాల సాహిత్యమును గూర్చి రెండు మాటలు. వీనిలో ప్రథమ పరిచ్ఛేదమునకు ఆబ్జెక్టివ్ అని పేరు. సవాళ్లతో కూడిన వాతావరణమున తన నైపుణ్యములను వినియోగించి, సంస్థ యభ్యుదయమునకును తన యభ్యుదయమునకును ఏకకాలమున పాటుపడ గోరుచున్నాడనునది దాని తాత్పర్యము. చిత్తూరు వాడును, శ్రీకాళహస్తి వాడును, మదనపల్లె వాడును ఒక్క యక్షరము భేదము లేక ఇదే కోరుదురు. వేదమైనను శాఖాభేదముచే పాఠాంతరములు పొందినది గాని, ఈ వాక్యమునకు పాఠాంతరము లేదు. నడుమ నైపుణ్యముల పట్టిక. అందు జావా, పైథాన్, క్లౌడ్, ఏఐ మొదలగు సమస్త విద్యలును కొలువుదీరి యుండును, "జావా ఎంతవరకు వచ్చు నాయనా?" అని యడిగిన, "బేసిక్స్ సార్" అని బదులు వచ్చును. పిదప పాటలు వినుట, క్రికెట్టు ఆడుట యను హాబీలు. తుదకు, పైన వ్రాసినదంతయు నిజమని ఒక ప్రమాణవాక్యము, స్థలము, తేదీ, సంతకము. నా సలహా యొక్కటే. ఆదియందలి ఆశయమును అంత్యమందలి ప్రమాణమును తీసివేసి, మొదటి సగము పుటలోనే నీవు ఏ పని చేసితివో, ఏ పనిముట్లతో చేసితివో, దానివలన ఎవరికేమి ఒరిగెనో నాలుగు వాక్యములలో వ్రాయుము. దినమునకు వందల కాగితములు తిరుగవేయువాని కన్నులు ఆ సగము పుట దాటి దిగుట అరుదు.

చిరునామా యొక్కటి మాత్రము మావారి తప్పు గాదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు చీలిన నాటినుండి, ఇల్లు కదలని పిల్లవాడు కూడ రెండు జిల్లాల వాస్తవ్యుడైనాడు. పదవ తరగతి నాటి కాగితములలో చిత్తూరు జిల్లా, నిన్న మొన్నటి వానిలో తిరుపతి జిల్లా. ఎక్కడనో కూర్చుండి వెరిఫికేషన్ చేయు ఉత్తరాది మహాశయుడు "వీరు మకాము ఎప్పుడు మార్చిరి?" యని నన్ను నిలదీయును. మారినది మకాము కాదయ్యా, జిల్లా యని అతనికి నచ్చజెప్పుటకు భూగోళము, చరిత్ర, రాజనీతి మూడును ప్రయోగింపవలసి వచ్చుచున్నది.

అన్నింటికంటె భయంకరమైన వ్యాధి గ్యాప్. మా సీమలో ఎముక విరిగినవాడు పుత్తూరు పోయి కట్టు కట్టించుకొనును. చదువునకును కొలువునకును నడుమ ఏండ్లు విరిగినవాడు హైదరాబాదు అమీర్‌పేట పోయి ఫేక్ పెట్టించుకొనును. అమీర్‌పేటలో నిజముగా చదువు చెప్పువారు వేలాదిమందికి బ్రదుకుతెరువు చూపిరి, కాదనను. వారి ప్రక్క సందులోనే లేని కంపెనీలో లేని ఉద్యోగమునకు ఉన్న లెటర్‌హెడ్డు మీద అనుభవపత్రము లిచ్చువారును కలరు. పుత్తూరు కట్టు విప్పినప్పుడు ఎముక అతికియుండును. ఈ కట్టు విప్పిననాడు బాగున్న ఎముక కూడ విరిగియుండును.

బంగారుపాళెము వైపునుండి ఒక మామిడితోట రైతు కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. కుమారుడు ఎలక్ట్రికల్ డిప్లొమా. కాగితము మీద హైదరాబాదులో మూడేండ్ల సాఫ్ట్‌వేర్ అనుభవము. ఆ కంపెనీని గూర్చి నేను రెండు ప్రశ్నలు వేయుసరికి రైతునకు రోషము వచ్చినది.

"సార్, మావోడు అబద్ధం చెప్పే రకం కాదు. మీకు అనుమానముంటే ఇప్పుడే కాణిపాకం పోదాం పదండి. కోనేట్లో మునిగి, తడిగుడ్డల్తో సామి ముందర ప్రమాణం చేస్తాడు."

కాణిపాకము వరసిద్ధి వినాయకుని యెదుట అసత్యప్రమాణము చేసినవానికి కీడు మూడునను నమ్మకము మా జిల్లాలో ఎంతటి దనిన, కోర్టులో తేలని తగవులు అచ్చట తేలును. కుమారుని ముఖమున నెత్తురు చుక్క లేదు.

"ఇంత చిన్నదానికి కాణిపాకం ఎందుకు నాయనా?" అని తండ్రితో గొణిగెను.

"ఏమిరా, మూడేండ్లు చేసినావు కదా?"

"చేసినాను... అంటే, చేసినట్టు రాసినాను."

"రాసిందెవురు?"

"హైదరాబాదులో ఒక అన్న."

తండ్రి తువ్వాలు దులిపి భుజము మార్చుకొని మరి మాటాడలేదు. నేను కుమారుని, ఆ మూడేండ్లును నిజముగా ఏమి చేసితివని యడిగితిని. ఏమియు లేదనుచునే అతడు ఫోను దీసి కొన్ని ఫొటోలు చూపెను. మా పల్లెలలో త్రీఫేజ్ కరెంటు ఏ యర్ధరాత్రియో వచ్చును. అప్పుడు లేచి చీకటిలో పాములు తేళ్ల నడుమ తోటకు పోయి మోటారు వేయుటకు బదులు, స్టార్టరులో సిమ్ము గల పెట్టె నొకటి అమర్చినచో ఇంటినుండియే ఫోనుతో మోటారు వేయవచ్చును. "కొన్న బాక్సుల్లో వానకి రిలే కాలిపోతా ఉంటే, విప్పి మార్చినా సార్. చెమ్మ లోపలికి పోకుండా రబ్బరు వాషర్లు వేసినా. మా ఊర్లో మిగతావోళ్లకి కూడా పెట్టిచ్చినా" అని అతడు నేరము ఒప్పుకొనుచున్నట్లు చెప్పెను. మూడేండ్లపాటు ఊరి మోటార్లను నిద్రపోనీయక, ఊరివారిని నిద్రపోనిచ్చిన ఈ మహానుభావుడు, ఆ సంగతి దాచి, ఎన్నడును చూడని హైదరాబాదు కంపెనీ పేరు వ్రాసికొన్నాడు! ఆ కాగితమును చించి, ఈ స్టార్టర్ల కథనే సగము పుటలో వ్రాయించితిని. శ్రీసిటీలో ఒక కర్మాగారపు మెయింటెనెన్స్ విభాగమున అతనికి కొలువు కుదిరినది. అచ్చటి ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్నయే రిలేను గూర్చి.

ప్రమాణమునకు ఇప్పుడు కాణిపాకము దాక పోవలసిన పనియు లేదు. 2014 నుండి భవిష్యనిధి వారు ఉద్యోగుల కిచ్చుచున్న పన్నెండంకెల యూఏఎన్ సంఖ్యలో, ఎవడు ఎచ్చట ఎప్పుడు చేరెనో, ఎప్పుడు విడిచెనో నమోదగుచున్నది. వినాయకుడైనను గుంజీలు తీసిన క్షమించునేమో గాని, ఆ పద్దు క్షమింపదు.

అయితే సత్యము చెప్పిన చాలదు. చెప్పుటకు అది ఎచ్చటనైన వ్రాసియుండవలెను. ఈ విషయమున మా తిరుమలకు మించిన ఉదాహరణము లేదు. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలను కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి, శ్రీవారి ఆలయమున సంకీర్తన భాండాగారమను రాతిగదిలో భద్రపరచెను. ముప్పదిరెండు వేలని ప్రతీతి. మనకు దక్కినవి సగమునకు లోపే. ఆ రేకులు శతాబ్దములు చీకటిలో నుండి, 1922 ప్రాంతమున వెలుగు చూచి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణచేతను, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి స్వరకల్పనచేతను మరల జనుల నోట బడినవి. ఇందు రెండు పాఠములు గలవు. వ్రాసిపెట్టనిది నశించును, వ్రాసియు గదిలో పెట్టి తాళము వేసినది నాలుగు వందల యేండ్లు ఆలస్యముగా ఉద్యోగము తెచ్చును. నేటి సాంకేతిక నిపుణునకు రాగి కొనవలసిన పని లేదు, గిట్‌హబ్ ఉచితము. నెలకొక సాయంకాలము కూర్చుండి, ఈ నెల ఏ చిక్కు విప్పితినని నాలుగు పంక్తులు వ్రాసికొని, చూపదగినది నలుగురికి చూపిన చాలును.

కొలువు కుదిరిన పిదప ప్యాకేజీ ప్రకరణము. ఆరు లక్షల సీటీసీ యనగానే మేనమామ పన్నెండుచే భాగించి, నెలకు యాభై వేలని ప్రకటించి, ఆ లెక్క మీద సంబంధములు చూడ మొదలిడును. ఆ యారు లక్షలలో కంపెనీ కట్టవలసిన పీఎఫ్ వాటా కలదు. సాధారణముగా ఐదేండ్లు నిండిన గాని చేతికి రాని గ్రాట్యుటీ కలదు. జబ్బు పడిన గాని కనబడని ఇన్సూరెన్సు ప్రీమియము కలదు. మేనేజరు ప్రసన్నుడైన గాని రాని వేరియబుల్ కలదు. ఇవన్నియు పోగా మిగిలినది ఎంత, నెలాఖరున బ్యాంకులో పడునది ఎంత యని ముందే యడిగి కాగితము మీద వ్రాయించుకొనుట అమర్యాద కాదు. అడుగక చేరి, మొదటి జీతము నాడు నాకు ఫోను చేసి "ఏం సార్, మోసం చేసినారే" యనుట అమర్యాద.

ఇంకొకటి నోటీసు. తన యుద్యోగిని తొంబది దినములు విడువనను సంస్థయే, ఎదుటివారి యుద్యోగి రేపు ప్రొద్దున రావలెనని నన్ను తరుమును. ఉద్యోగియు తక్కువవాడు గాడు. ఆ తొంబది దినములలో ఈ యాఫర్ చూపి ఆ యాఫర్, ఆ యాఫర్ చూపి మరియొకటి సంపాదించి, చేరవలసిన సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు ఫోను స్విచాఫ్ చేయును. నేను వాని యింటికి ఫోను చేసిన, వాని తల్లి "అబ్బోడు తలకాయ నొప్పని పడుకోనుండాడు నాయనా" అనును. పదిదినముల పిదప అబ్బోడు బెంగుళూరులో వేరొక కంపెనీ మెట్లమీద నిలిచి దిగిన ఫొటో లింక్డ్‌ఇన్‌లో కనబడును. తలనొప్పి అప్పటికి నాకు సంక్రమించి యుండును.

అన్నమాచార్యులు పదములు చెప్పుచున్న కాలముననే, 1482 ప్రాంతమున, ఇటలీలో లియోనార్డో డావించి మిలాన్ ప్రభువైన లుదోవికో స్ఫోర్జాకు కొలువు కోరి ఒక లేఖ కూర్చుకొనెను. ప్రభువునకు కావలసినది యుద్ధసామగ్రి యని యెరిగి, వంతెనలు, ఫిరంగులు, కవచముగల రథములు చేయనేర్తునని ముందు వ్రాసి, చిత్రలేఖనమును చిట్టచివర చేర్చెను. ఏలినవారి యవసరమును గుర్తించి తన విద్యను దాని కెదురుగా నిలుపుట కొలువు కోరువాని తెలివి. మరి మా అన్నమాచార్యులో, సాళువ నరసింహరాయలు తనపై నొక పదము చెప్పుమనగా చెప్పనని సంకెళ్లు తొడిగించుకొనెనని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసెను. తనకు పనికిరాని కొలువును కాదనుట కొలువు వదలువాని ధైర్యము. వచ్చిన యాఫర్లలో దేనికి లియోనార్డో కావలెనో, దేనికి అన్నమయ్య కావలెనో నిర్ణయించుకొనుట మీ వంతు. అందు నా సలహా అక్కరలేదు. కాని కాదనదలచినప్పుడు ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనుడు. అన్నమయ్య కాదన్నది రాజుగారి ముఖము మీదనే గాని, ఫోను స్విచాఫ్ చేసి కాదు.