ఆరో ముక్క

నేను పొందూరు నేతను. పుట్టినప్పుడు నిండు పంచెను. ఇప్పుడు అందులో ఆరో వంతును, మూడు మూలల గుడ్డను.

కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడికిన ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చాను. అంత సన్నని నూలు కాబట్టే నన్ను పెళ్లికొడుక్కి మధుపర్కంగా కొన్నారు. పీటల మీద ఆవిడ కొంగుకీ నాకూ ముడి వేశారు. ఆ పసుపు ఇంకా నా మూలన ఉంది.

పెళ్లయిన నాలుగో నెలకే ఆయన రంగం వెళ్లాడు. రంగూన్‌ని మా వైపు అలాగే అంటారు. అప్పట్లో కళింగపట్నంలోనో భీమిలిలోనో ఓడెక్కితే రంగమే. అక్కడ రేవులో మూటలు మోసేదీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేదీ మనవాళ్లే. ఈయన ఒక మేస్త్రీ దగ్గర లెక్కలు రాసేవాడు. వచ్చాక కడతానని నన్ను పెట్టెలోనే ఉంచమన్నాడు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఆయన కబురు ఉత్తరంలో రాలేదు. నడిచి వచ్చిన మనిషి తెచ్చాడు.

ఆ నడక గురించి చెప్పకుండా నా కథ లేదు. ఓడ దొరకనివాళ్లు ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి అక్యాబ్, చిట్టగాంగ్ మీదుగా కలకత్తాకి చేరారు. దారి పొడవునా కలరా. ఆ దారీ ఈ దారీ పట్టి బర్మా వదిలిన భారతీయులు దాదాపు 5 లక్షలు. కలకత్తా రైలు చికాకోల్ రోడ్డులో, అంటే ఇప్పటి ఆముదాలవలసలో ఆగేది. గోనెగుడ్డలు చుట్టుకున్న కాళ్లతో కొందరు దిగేవారు. అడుగు వెయ్యలేక అక్కడే కూలబడేవారు. గోనె విప్పితే పాదం ఏదో పుండు ఏదో తెలిసేది కాదు.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. విశాఖ జనం బళ్లు కట్టుకుని విజయనగరం వైపూ మా వైపూ వచ్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరు తరలిపోయింది. ఆ వేసవిలోనే ఆవిడ మిషన్ ఆసుపత్రికి వెళ్లి కట్లు కట్టడం నేర్చుకుంది. జీతం లేదు. తెల్లచీర కట్టిన ఇరవయ్యేళ్ల మనిషి, ముక్కూమొహం తెలియని మగవాళ్ల కాళ్లు ముట్టుకోవడానికి వెళ్తోంది. ఇంట్లో ఎన్ని మాటలు పడిందో పెట్టెలోంచి అన్నీ విన్నాను.

బ్రిటన్‌లో 1909లో పుట్టిన వాలంటరీ ఎయిడ్ డిటాచ్‌మెంట్ల గురించి ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలమంది ఇంటిపట్టు ఆడపిల్లలు అలా ఆసుపత్రుల్లో చేరారట. వాళ్ల చేతిలో మొదటి పనిముట్టు మూడు మూలల గుడ్డే.

ఆసుపత్రిలో గుడ్డ అయిపోయిన రోజున ఆవిడ పెట్టె తెరిచింది.

"మధుపర్కం సింపుతావేటి? తెల్లోడి యుద్ధానికి మన గుడ్డలా?" అన్నారు మామగారు.

ఆవిడ జవాబు చెప్పలేదు. అరుగు మీదున్న నేటాలు తాత చెప్పాడు. కుర్రతనంలో చెరకు తోటల కూలీగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకి పోయి వచ్చినవాడు. విశాఖపట్నం జిల్లా నుంచి అలా పోయినవాళ్లు వేలల్లో. 1899లో అక్కడ బోయర్ యుద్ధం వస్తే గాంధీగారు 1,100 మందితో అంబులెన్సు దళం కట్టారు. అందులో 800 మంది ఒప్పందపు కూలీలే.

"గాంధీగారు నా సేత డోలీ మోయించింది తెల్లోడి యుద్ధంలోనే, బావూ. రోజుకి ఇరవై మైళ్లు. మేం మోసినోల్లు తెల్లోల్లు. ఇప్పుడా టేసన్లో పడున్నోల్లు మనోల్లు. గుంటని ఎల్లనియ్యి."

డోలీ అన్న మాట మా వైపు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మామగారు లేచి లోపలికి వెళ్లిపోయారు.

నన్ను మూడు చదరాలు చేసి, ఒక్కొక్కటీ మూల నుంచి మూలకి కోసింది. చింపుతున్నప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదు. పసుపు మూల దగ్గర మాత్రం కత్తెర కాసేపు ఆగింది. తర్వాత మరిగే నీళ్లలో వేసింది.

నా మొదటి పాదం ఒక రేవు కూలీది. పాదాన్ని నా మీద పెట్టి, వేళ్ల వైపున్న మూలని పైకి మడిచి, రెండు కొసలూ చీలమండ చుట్టూ తిప్పి ముడివేసింది. అతను నొప్పికి ఏడవలేదు. ఆడమనిషి తన కాళ్లు పట్టుకుందని ఏడ్చాడు. ఆ ఎండాకాలమంతా ఎన్ని కాళ్లు కట్టానో, ఎన్నిసార్లు ఉడికానో. మిగిలిన అయిదు ముక్కలూ చీముకి చివికిపోయాయి.

యుద్ధం అయ్యాక కెప్టెన్ లక్ష్మి పేరు పేపర్లలో చదివింది. 1943లో సింగపూరులో నేతాజీ పెట్టిన, లక్ష్మి నడిపిన రాణీ ఝాన్సీ దళంలో కొందరు ఆడపిల్లలు తుపాకీ పట్టారనీ, కొందరు నర్సులయ్యారనీ, బర్మాలో గాయపడ్డవాళ్లకి సేవ చేశారనీ తెలిసింది. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఆ పిల్లలు రెండేళ్ల ముందు రంగంలో ఉంటే..." అంది. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ముసలితనంలో గుమ్మం దగ్గర జారిపడి చెయ్యి బెణికింది. అన్నగారి మనవరాలు మందుల షాపు నుంచి కొత్త పట్టీ తెచ్చింది.

"అది కాదు. పెట్టెలో ఉంది, తియ్యి."

పిల్ల నన్ను మెడకి వేలాడదీసి గబగబా ముడివేసింది. ఆవిడ రెండో చేత్తో తడిమి చూసుకుంది.

"జారిపోద్ది, గుంటా. విప్పు. కుడి కొస ఎడమ దాని మీద... ఆఁ, ఇప్పుడు ఎడమది కుడి దాని మీద."