అర మిల్లీమీటరు ప్లే

హిందూపురంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా లేపాక్షికి తీసుకెళ్లడం రివాజు. విజయనగర కాలం నాటి ఆ గుడిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు ఇటు దూర్చి అటు లాగి అందరూ 'అబ్బో' అంటారు. నా లేత్‌ మిషన్లోనూ అలాంటి సందొకటి ఉంది. చూపించబోతే మాత్రం చుట్టాలకు బస్సు టైమవుతుంది.

బల్ల మీద పట్టేంత బుల్లి లేత్‌ నాది. క్రాస్‌ స్లైడ్‌ హ్యాండిల్‌ ముందుకు తిప్పినంతసేపూ టూల్‌ బుద్ధిగా నడుస్తుంది. వెనక్కి తిప్పామా, అర చుట్టు దాకా హ్యాండిల్‌ ఒక్కటే తిరుగుతుంది. స్క్రూ పిచ్‌ 1 మిల్లీమీటరు కాబట్టి ఈ వదులు, అంటే ప్లే, అర మిల్లీమీటరు. కోసే ముక్క (జాబు) వ్యాసంలోనైతే పూర్తి మిల్లీమీటరు.

పెనుకొండ దగ్గర కియా వచ్చాక వెలిసిన విడిభాగాల ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో మా మేనల్లుడు సీఎన్‌సీ ఆపరేటర్‌. పండక్కొచ్చి నా హ్యాండిల్‌ను రెండు వేళ్లతో ఊపి చూశాడు.

"ఇంత లూజేంది మామా? మా దాంట్లో బాల్‌ స్క్రూలు. నట్టులో ఉక్కు గుండ్లు బిగువుగా దొర్లుతాంటాయి. ఇంకా ఏమన్నా మిగిలితే కంట్రోలరే లెక్కేసి సరిచేస్తాది."

వాడి మిషన్‌ ఖరీదుకు మా వీధిలో ఇల్లొస్తుంది. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను.

డయల్‌ గేజ్‌ పెట్టి హ్యాండిల్‌ను లాగి తోస్తే, తిరగకుండానే స్క్రూ మొత్తం ముందుకూ వెనక్కూ జరుగుతోంది. అంటే నేరమంతా నట్టుది కాదు, హ్యాండిల్‌ వెనకున్న కాలర్‌కూ వాటా ఉంది. అక్కడ పలచని వాషర్‌ వేసి లాక్‌ నట్‌ బిగిస్తే ఆ వాటా పోయింది.

ఇక నట్టు. ఉక్కు స్క్రూ నిక్షేపంగా ఉంటుంది, ఇత్తడి నట్టు అరుగుతుంది. అరిగే ఉద్యోగం చవకవాడికే ఇవ్వడం మిషన్లలోనూ ఆచారమే. నట్టును హాక్సాతో అడ్డంగా సగానికి పైగా కోశాను. ఒక సగంలోంచి బిగించిన చిన్న స్క్రూ రెండో సగాన్ని తోస్తుంది. ఒకటి మర ముందు గోడను, ఇంకొకటి వెనక గోడను ఒరుసుకుంటాయి. బిగించేకొద్దీ హ్యాండిల్‌ బరువెక్కుతోంది. ధర్మవరంలో మగ్గం నేసే మా మామగారు పక్కనే కూర్చుని చూస్తున్నారు.

"పడుగు వదులైతే నేత కుదరదు, మరీ లాగితే పోగు తెగుతాది. సాలు అల్లుడూ."

ఆపేశాను. 0.05 మిగిలింది.

పొడుగు లీడ్‌ స్క్రూ జోలికి పోలేదు. పనంతా చక్‌ దగ్గరే కాబట్టి అది ఆ వైపే అరుగుతుంది. అక్కడికి సరిపోయేలా నట్టు బిగిస్తే టెయిల్‌స్టాక్‌ వైపు క్యారేజీ మొరాయిస్తుంది. మర కోసేటప్పుడు ఎలాగూ టూల్‌ను బయటికి తీసి, మొదలుకన్నా అవతలికి జరిపి, మళ్లీ అదే వైపు నుంచి వస్తాం. టూల్‌ జాబును తాకేలోపే సందు పూడుతుంది.

మొదటి జాబు, గిన్నె మూతకు ఇత్తడి బుడిపె. మైక్రోమీటర్లో సరిగ్గా 12.00. మా ఆవిడ దాన్ని మూతకు బిగించి, మూతను గిన్నె మీద పెట్టి వేలితో తట్టింది. టపటపలాడింది.

"దీని ప్లే ఎంతో కూడా చూడు" అంది.