నాలుగు మిల్లీమీటర్లు

మా నాన్న ఆర్ఎక్స్ 100 ఇంజిన్‌ని నాశనం చేసింది నేనే. ఇంట్లో మాత్రం ఆయిల్ పంపు వైరు ఊడిపోయిందని చెప్పాను. మీకు నిజం చెప్పేస్తున్నాను. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలో గొప్ప అనిపించుకోవాలని చక్కగా నడిచే వస్తువు మీద చెయ్యి వేసే ఉంటారు.

అసలు మొదలైంది బందరు రోడ్డు మీద. మా స్నేహితుడి ఆర్ఎక్స్ 135 నన్ను దాటేసి వెళ్లిపోయింది. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. రెండు బళ్లకీ స్ట్రోకు ఒకటే, 50 మిల్లీమీటర్లు. తేడా అంతా బోరులో ఉంది. మనది 50, వాడిది 58. నేనూ పెద్ద బ్లాకు వేయించుకుంటే సరిపోయేది. కానీ అది అందరూ చేసే పనే కదా! స్ట్రోకు పెంచినవాడు మాత్రం మా జట్టులో ఒక్కడూ లేడు. నాకు కావలసింది వేగం కాదు, ఆ మాట చెప్పుకోవడం.

స్ట్రోకు పెంచడమంటే క్రాంకు మధ్యలో కనెక్టింగ్ రాడ్డు తిరిగే పిన్నుని క్రాంకు కేంద్రం నుంచి ఇంకాస్త దూరం జరపడం. రెండు మిల్లీమీటర్లు జరిపితే పిస్టను రెండు పైకి ఎక్కువ వెళ్తుంది, రెండు కిందికి ఎక్కువ దిగుతుంది. మొత్తం నాలుగు. 50 కాస్తా 54 అవుతుంది, 98 సీసీ 106 అవుతుంది. ఎనిమిది సీసీలు! ఆటోనగర్‌లో లేత్ దగ్గర కూర్చుని, ఆఫ్‌సెట్ పిన్ను తయారవుతుంటే కన్నార్పకుండా చూశాను. పైకి వచ్చే రెండింటి కోసం బ్లాకు కింద రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు కోయించాను.

నాన్న బండికి మొదటి నుంచీ పని చేసే మేస్త్రీ ప్లేటు చేతిలో పట్టుకుని ఒకటే అడిగారు. "పైన రెండూ దీంతో సర్దుకుంటాయి సరే. కిందికి దిగే రెండు ఎక్కడికి పోతాయి అబ్బాయ్?"

పిల్లలు ఆడుకునే బంకమట్టి కొంచెం పిస్టను స్కర్టు కింద అంటించి, క్రాంకు చేత్తో ఒక చుట్టు తిప్పమన్నారు. నలిగాక ఆ మట్టి మిల్లీమీటరు పైన మందం మిగలాలన్నారు. "చూశానండీ" అన్నాను. చూడలేదు. చేత్తో తిప్పితే తగల్లేదు, చాలనుకున్నాను. చేత్తో తిప్పడం వేరు, 7,500 ఆర్‌పీఎం వేరు. అక్కడ పిస్టను సగటున సెకనుకి 12.5 మీటర్లు పరుగెత్తేది 13.5 పరుగెత్తుతుంది. రాడ్డు మీద లాగుడూ ఆ మేరకు పెరుగుతుంది. ఈ లెక్కలు నాకు అప్పుడూ తెలుసు, అదే నా బాధ.

ఆదివారం పొద్దున్నే నలుగురినీ పిలిచాను. ఆటోనగర్ గేటు దగ్గర బయలుదేరాం. మొదట్లో బండి అసలు లాగలేదు. స్ట్రోకు పెరగడంతో సైలెన్సర్ పోర్టు ముందే తెరుచుకుని ఎక్కువసేపు తెరిచి ఉంటోంది. అందుకే కింది స్పీడులో ఊపు చచ్చింది. "రేసు బండి ఇలాగే ఉంటుంది" అని అరిచాను. కానూరు దాటాక పైన అందుకుంది. అందుకుందంటే మామూలుగా కాదు, బందరు దాకా వినిపించేంత కేక! 135 నా పక్కనే ఉంది. తాడిగడప దగ్గర టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. విన్నాను. స్పష్టంగా విన్నాను. పక్కన వాడు ఉన్నాడు, యాక్సిలరేటర్ వదల్లేదు. పోరంకి, టిఫిన్ బండి, ఇడ్లీల ఆవిరి, చట్నీ ప్లేట్లు పట్టుకున్న జనం, ఠప్ అన్న చప్పుడు, వెనక చక్రం పట్టేసింది, క్లచ్చు నొక్కేలోపే నేను రోడ్డు మీద ఉన్నాను.

మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. ఆ జనంలో ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

ట్రాలీ ఆటోలో తెచ్చి విప్పాం. స్కర్టు అంచు తిరిగే క్రాంకు చక్రాలకి తగిలి నెలవంకలా తెగింది. ఆ ముక్క పోర్టులోంచి పైకెక్కి బోరంతా గీసేసింది. మేస్త్రీ తిట్టలేదు. ముక్కని గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. "చూశానన్నావు కదా" అన్నారు.

పాత కొలత పిన్ను, కొత్త రాడ్డు, కొత్త పిస్టను వేసి, బోరు కొట్టి బండి లేపారు. పోయిన పరువు సంగతి నేను మరిచిపోగలను. మరిచిపోలేనిది వేరే ఉంది. ఆ రోజు నుంచి నాన్న ఆయిల్ పంపుని నమ్మడం మానేశారు. పంపు నిక్షేపంగా పని చేస్తుంటే, పెట్రోలు పోయించిన ప్రతిసారీ ట్యాంకులో విడిగా 2టీ ఆయిలు పోస్తున్నారు. ఆయిలు రెట్టింపై బండి పొగలు కక్కుతోంది, ప్లగ్గు మసి పట్టి మొరాయిస్తోంది. ఆయన ప్రతి వారం అరుగు మీద కూర్చుని గరుకు కాగితంతో దాన్ని రుద్దుకుంటున్నారు. నేను చూస్తూ ఊరుకున్నాను. నెలల తరబడి.

మొన్న ఆదివారం ఇక వల్ల కాలేదు. పాత పిస్టను తెచ్చి ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పేశాను. ఆయన ఆ నెలవంక మీద బొటనవేలు పెట్టి ఇటూ అటూ రాశారు.

"ఎంత పెంచావు?"

"నాలుగు మిల్లీమీటర్లు, నాన్నా."

చాలాసేపు మాట్లాడలేదు. ప్లగ్గు బిగించి, చేతులు తుడుచుకుని లేచారు.

"ఆ ఆయిలు డబ్బా తీసి లోపల పెట్టు" అన్నారు.