స్టూడియో అన్న

కడపలోనైనా కర్నూల్లోనైనా ఏ సందులోనో మేడమీద గది కిటికీకి నడి ఎండాకాలంలో బొంత వేలాడుతూ కనిపిస్తే, లోపల చలిజ్వరం మనిషి ఉన్నాడని అనుకోవద్దు. అక్కడ పాట రికార్డవుతోంది. అవుతోంది అనడం కూడా తొందరపాటే. అవబోతోంది.

ఆ గది యజమానిని పేటంతా స్టూడియో అన్న అంటుంది. పేటకొకడు ఉన్నాడు కాబట్టి పేరు చెప్పే పని లేదు. మెడలో హెడ్‌ఫోను, చొక్కా జేబులో టెస్టరు, ముఖాన ఎప్పుడూ ఏదో వింటున్న చూపు. ముప్పై ఏళ్ల కిందటైతే మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు, లేదా క్యాసెట్లు నింపిచ్చేవాడు. ఇప్పుడు కంప్యూటరు, సౌండ్‌కార్డు, ఒక కండెన్సర్ మైకు, రెండు స్పీకర్లు, గోడలనిండా కోడిగుడ్ల అట్టలు. అట్టలు శబ్దాన్ని ఆపవని ఆయనకూ తెలుసు. అవి లేకపోతే వచ్చినవాళ్లు అది స్టూడియో అని నమ్మరు, అంతే. ఆయన అసలు శత్రువు కింద పరిచిన కడప బండ. నల్లగా, నున్నగా, పాదాలకు చల్లగా ఉండే ఆ బండ గొంతు వింటే చాలు, విన్నది విన్నట్టు తిప్పికొడుతుంది. అందుకే వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొంతలన్నీ వరసగా గోడలెక్కాయి. చుట్టాలొస్తే ఒకటి దించుతారు. ఆ రోజు రికార్డింగు ఉండదు.

ఆ గదికి రానివాళ్లు లేరు. అన్నమయ్య కీర్తనలు పాడే టీచరమ్మలు, బ్రహ్మంగారి మఠం వైపు నుంచి తత్వాలు పాడే తాతలు, పెద్దదర్గా ఉరుసు కోసం ఖవ్వాలీ తయారుచేసుకునే కుర్రాళ్లు, పుట్టినరోజు పాట కావాలనే చోటా నాయకుల అనుచరులు. కడపలో ఆకాశవాణి 1960ల నుంచీ ఉంది. అక్కడ ఎర్రబల్బు వెలిగితే అందరూ నోరు మూస్తారు. ఇక్కడ తెరమీద ఎర్రచుక్క వెలగ్గానే అందరూ ఒకేసారి నోరు తెరుస్తారు, "అయిందా అన్నా?" అని.

అవ్వదు. ఎందుకు అవ్వదో చెప్పాలంటే స్టూడియో అన్న న్యాయశాస్త్రం తెలియాలి. శబ్దం ఆగిపోయిందనుకోండి. దోషి ఎంత దూరాన ఉంటే ఆయన దృష్టిలో కేసుకు అంత పరువు. మొదటి అనుమానం అమెరికా మీద: "విండోస్ అప్‌డేట్ వచ్చినట్టుండాది." రెండోది జర్మనీ మీద. రికార్డింగు సౌండ్‌కార్డులకు ఏసియో డ్రైవరనే పద్ధతిని 1997లో తెచ్చింది హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ కంపెనీ. ఆ సంగతి ఆయన చెప్పేటప్పుడు హాంబర్గ్ ప్రొద్దుటూరు దగ్గరి ఊరేమో అనిపిస్తుంది. మూడోది చైనా వైరు. నాలుగోది కరెంటోళ్లు. చేతికందే దూరంలో ఉన్న మీట వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. రికార్డింగు సాఫ్ట్‌వేరు ఆయన దగ్గరికి ఏ దారిన వచ్చిందనేది మాత్రం ఈ విచారణలో ఎవరూ ఎత్తరు.

ఒకసారి ఒక టీచరమ్మ కీర్తన ఎత్తుకుంది. హెడ్‌ఫోన్లో నిశ్శబ్దం. అన్న వెంటనే డ్రైవరు తీసేశాడు, మళ్లీ వేశాడు, కంప్యూటరు ఆపి లేపాడు. లేచిన కంప్యూటరు ఈసారి శబ్దాన్ని సౌండ్‌కార్డుకు కాకుండా తెరగా వాడుతున్న టీవీకి పంపడం మొదలుపెట్టింది. ఒక జబ్బు ఇప్పుడు రెండైంది. ఆయన ముఖంలో తృప్తి కనిపించింది. చిన్న కేసులకు ఆయన మనసు పట్టదు. గుమ్మంలో బొరుగులు తింటున్న కొడుకు చాలాసేపు చూసి, "నాయనా, ఆ మ్యూట్ నొక్కుండాది" అన్నాడు.

"నువ్వు పోయి సదువుకో పో."

పిల్లోడు పోయాక మ్యూట్ తీశాడు. టీచరమ్మ చూడలేదనుకున్నాడు. చూసింది.

తత్వాల తాత తంటా వేరు. హెడ్‌ఫోను పెట్టుకుని ఒక చరణం పాడి ఆపేసి, వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ పాడి మళ్లీ చూశాడు. "ఎవురో నా ఎనకంటే పాడ్తాండారబ్బీ" అన్నాడు. పాడుతున్నది ఆయనే. కంప్యూటరు గొంతును ముక్కలుగా దోసిలి నింపుకుని గానీ ముందుకు పంపదు. దాన్నే బఫర్ అంటారు. 1024 శాంపిళ్ల బఫరైతే, సెకనుకు 44,100 చొప్పున లెక్కేస్తే, 23 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కాబట్టి దగ్గర దగ్గర దానికి రెట్టింపు. వినేవాడికి అది లెక్కలోకి రాదు, పాడేవాడికి మాత్రం తన గొంతు తనను తరుముతుంది. బఫరు 128కి తగ్గిస్తే ఆలస్యం దాదాపు పోతుంది, కానీ పాత కంప్యూటరు ఆ పరుగుకు తట్టుకోలేక చిటపటమంటుంది. అన్న కాసేపు పెంచి, కాసేపు తగ్గించి, ప్రాసెసరు మార్చాల్సిందేనని తేల్చి హైదరాబాదుకు ఫోను చేసి ధర కనుక్కున్నాడు. సౌండ్‌కార్డు ముందువైపునే చిన్న మీట ఒకటుంది. నొక్కితే గొంతు కంప్యూటరు దాకా పోకుండా తిన్నగా చెవికొస్తుంది. దాని ముందు చాయ్ గ్లాసు పెట్టుకునే అలవాటు ఆయనది.

ఎన్నికలప్పుడు మాత్రం అన్నకు దేవుడు కలిసొస్తాడు. రెండు పార్టీలకూ ఒకటే తాళం, ఒకటే కోరస్ పిల్లలు, పేర్లు తప్ప తేడా లేదు. ఖర్చు కలిసొస్తుందని రెండు పాటలనూ ఒకే ప్రాజెక్టులో పెట్టుకున్నాడొకసారి. మొదటి అభ్యర్థి కోరస్ ఫేడరు, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట, పూర్తిగా కిందికి దించేసి, రెండో అభ్యర్థి పాట తీశాడు. అయితే ఆ కోరస్‌ను ప్రతిధ్వని కలిపే రివర్బ్‌కు పంపిన దారి, అంటే సెండు, ప్రీ-ఫేడర్: ఫేడరు కంటే ముందే చీలిపోయేది. ఫేడరు దించినా అటు పోయేది పోతూనే ఉంటుంది. ఫలితం: ఇక్కడ ఈ నాయకుడికి జై కొట్టగానే, ఎక్కడో కొండ గుహలో నుంచి వచ్చినట్టు ఆ నాయకుడికి జై. విన్న కార్యకర్తలు మొదట ముచ్చటపడ్డారు, "ఎకో బలే పెట్టినావన్నా" అన్నారు. ప్రచారం ఆటో రెండు వీధులు తిరిగాక గానీ ఎకోలో ఉన్నదెవరో ఎవరూ పోల్చుకోలేదు. ఆ రాత్రి అన్న వాళ్లకు ప్రీ-ఫేడరుకూ పోస్ట్-ఫేడరుకూ తేడా బోర్డుమీద గీసి వివరించబోయాడట. వాళ్లు వినే స్థితిలో లేరు.

వీటన్నిటికంటే ఈ నేలకే చెందిన జబ్బు ఒకటుంది. హమ్. ఏప్రిల్ వచ్చేసరికి స్పీకర్లలో ఒక మూలుగు మొదలవుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతుంది, ఆ ఊపే అది. కీబోర్డు మీద వెతికితే జి స్వరానికి కాస్త పైన దొరుకుతుంది. అన్న దాంతో రాజీకి కూడా ప్రయత్నించాడు. "జి శ్రుతిలో పాడమ్మా, దాంట్లో కలిసిపోతాది." కలవదు. అది సరిగ్గా జి కాదు, పాడే గొంతు దానివైపు జారి అపశ్రుతి అవుతుంది. దాని మీద మరొక బహుమానం: పాడుతూ పాడుతూ పెదవి మైకు జాలీకి తగిలితే చురుక్కుమంటుంది. ఖవ్వాలీ కుర్రాడొకడు అలా తగిలి తీసిన స్వరం ఇప్పటికీ ఆ రికార్డింగులోనే ఉంది. బాగుందని ఉంచేశారు.

అన్న వైర్లన్నీ మార్చాడు. ఇన్వర్టరు తీసేశాడు, అది కొంత గరగర తగ్గించిన మాట నిజం, చౌక ఇన్వర్టరు కరెంటును నున్నగా ఇవ్వదు. కంప్యూటరు కింద రబ్బరు చాప వేశాడు. మూలుగు మూలుగులాగే ఉంది. వదిన కింద పెరట్లోంచి అరిచింది.

"ఎర్త్ గుంతలో నీళ్లు పోసినావా?"

"ఇది డిజిటల్ సమస్యమేయ్."

"ఫ్రిజ్జు తాకితే జుమ్మంటాంది. అదీ డిజిటలేనా?"

ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన గుంత తవ్వి, ఎర్తు కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ పోసి పూడుస్తారు. కంప్యూటరు డబ్బాలోంచి కొంచెం కొంచెం కారే కరెంటు ఆ దారిన నేలలోకి దిగిపోవాలి. దిగాలంటే నేల తడిగా ఉండాలి. మన సీమ నేల మార్చికే పెళుసెక్కి బీటలు పడుతుంది. కింద దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, వైరు తొడుగు వెంట, మైకు జాలీ వెంట, చివరికి పెదవి వెంట దారి వెతుక్కుంటుంది. కీర్తనకు శ్రుతి పెట్టేముందు గుంతకు నీళ్లు పెట్టాలి. కానీ ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చే వీధిలో పాట కోసం బిందెడు నీళ్లు నేలపాలు చేస్తానంటే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? వదిన ధర్మప్రభువు. అంట్లు కడిగిన నీళ్లు ఇచ్చింది. ఉప్పు కూడా తనే వేసింది. రెండు బకెట్లు ఇంకిపోయాక పైన స్పీకర్లో మూలుగు సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది. "డ్రైవర్ సెట్టయినట్టుండాది" అన్నాడు అన్న.

ఎండ సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఫ్యాను వేస్తే మైకులో గాలి, ఆపితే మనుషులకు మూర్ఛ. నలభై నాలుగు డిగ్రీల్లో కంప్యూటరే ముందు నీరసపడి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రికార్డింగు తెల్లవారుజామున.

ఇంతవరకూ ఆయన్ని ఆడిపోసుకున్నాను గానీ, చెక్కభజన బృందం వచ్చిన రోజు చూడాలి ఆయన్ని. పదహారు మంది, చేతుల్లో గజ్జెలు కట్టిన చెక్కలు, నడుమ తాళాలతో గురువు. అన్న పద్ధతి ప్రకారం హెడ్‌ఫోన్లో టిక్ టిక్ పెట్టి, దాని ప్రకారం వాయించమన్నాడు. హెడ్‌ఫోన్లు రెండే ఉన్నాయి. ఒకటి గురువుకిచ్చాడు. నిమిషానికి 92 దెబ్బల దగ్గర మొదలుపెట్టారు. రెండో చరణానికే చెక్కలు టిక్‌ను దాటేశాయి. ఆపాడు, మళ్లీ మొదలు. మళ్లీ దాటేశాయి. గురువు హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాడు.

"ఇదెవురు నాయనా, లోపల కూచ్చోని అదేపనిగా తట్టేది? కదలనే కదలడే!"

"అది తాళం పెద్దాయనా. దాని పకారం పోవాల."

"అడుగు పడేకొద్దీ జోరు పెరగాల. పెరగకపోతే అది భజనెట్లయితాది?"

వేగమెంతని సాఫ్ట్‌వేరును అడిగితే అది 70 అంది, కాసేపాగి 140 అంది. దానికి సగమూ రెట్టింపూ ఒకటే. ఇక్కడ అమెరికా, జర్మనీల మీద వేయడానికి అన్నకు నేరమే దొరకలేదు. జబ్బే లేదు. కాసేపు గమ్మున కూర్చుని, టిక్ తీసేశాడు. గోడమీది రెండు బొంతలు దించి చిందేసే పాదాల కింద పరిచాడు, మైకు పైకెత్తి కట్టాడు. "మీ ఇష్టమొచ్చినట్టు పోండి" అన్నాడు. వాళ్లు పోయారు. చివరి ఆవర్తనం ఎక్కడికి పోయిందో గదిలో ఉన్న మాకే తెలియలేదు.

బృందం వెళ్లిపోయాక ఆయన పని మొదలైంది. ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బ దగ్గర తెరమీద ఒక గుర్తు. వినడం, ఆపడం, గుర్తును వెంట్రుకవాసి జరపడం, మళ్లీ వినడం. పాటను గీతల్లోకి ఇరికించడం కాదు, గీతలనే పాట వెంట వంచుకుంటూ పోవడం. అలా వంచితే తర్వాత చేర్చే డోలకైనా హార్మోనియమైనా ఆ జోరుతోపాటే జోరెత్తుతుంది. రాగిసంగటి ముద్ద పక్కన ఎండిపోయింది. డ్రైవరు మాట గానీ అప్‌డేట్ మాట గానీ ఒక్కసారీ రాలేదు. పాత మైకుసెట్టువాళ్లకు ఉండిన చెవి ఇదేనని నాకు అనిపించింది. ఆ చెవికి మ్యూట్ మీట ఎందుకు కనపడదో మాత్రం తెలియదు, చెవి కదా.

నడుమ ప్రొద్దుటూరు నుంచి మరో స్టూడియో అన్న ఫోను చేశాడు. ఈ చుట్టుపక్కల స్టూడియోలన్నిటికీ మా అన్నే పెద్దాసుపత్రి.

"గరగరా? ఫోను యాడ పెట్టినావ్? సౌండ్‌కార్డు మీదనా? తియ్. పోయిందా? ఇంగ పాట పైశ్రుతిలో పరిగెత్తాందా? నువ్వు 44.1లో రికార్డు చేసినావ్, కార్డు 48లో వాయిస్తాంది. నూటికి తొమ్మిది వంతులు జోరు పెరుగుతాది. కార్డు 44.1కి మార్చు. అంతే. దీనికి డ్రైవరు ఏంటికి తీసినావప్పా? ముందు చేతికాడ ఉండేది చూస్కోవాల గదా!"

ఫోను పెట్టేసి, మాకు వినిపిద్దామని భజన ప్లే నొక్కాడు. తెరమీద గీతలు పరిగెత్తుతున్నాయి, స్పీకర్లలో చప్పుడు లేదు. అన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అప్‌డేట్ వచ్చినట్టుండాదే" అన్నాడు.

కొడుకు బొరుగుల గిన్నె కింద పెట్టి లేచాడు.