పదకొండు టికెట్ల పాండిత్యం

పందెం కాసి పోగొట్టుకోవడానికి వెనకటి రోజుల్లో చదువు అక్కర్లేదు. ఒక మ్యాచి, ఒక జట్టు, ఒక నోటు. నోటు పోతే నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటిదారి పట్టేవాళ్లు. ఇప్పుడు పోగొట్టుకోవడానికీ పాండిత్యం కావాలి. ఐపీఎల్ రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ టీ కొట్ల ముందు ఫోన్లలో తలలు దూర్చి నిలబడే కుర్రాళ్లకు ఆ ఫోన్లలోనే గురువులు దొరికారు. వాళ్లు చెప్పే శాస్త్రం పేరు ఫుల్ కవర్. "నాలుగు మ్యాచులు తీసుకో తమ్మీ, పదకొండు టికెట్లు కొట్టు. రెండు పోయినా రెండు నిలబడితే పైసలొస్తయి. మునిగేదే లేదు." మంత్రోపదేశం ఉచితం. దక్షిణ మాత్రం యాప్ తీసుకుంటుంది.

శాస్త్రమన్నాక మర్యాదగా ముందు నేర్చుకుందాం. 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రాలైన ఈ మూడు ఊళ్లనే ఎంపికలనుకోండి. గద్వాలతో వనపర్తి, వనపర్తితో నాగర్‌కర్నూల్, నాగర్‌కర్నూల్‌తో గద్వాల: జతలు 3. మూడూ కలిపితే ఇంకొకటి. మొత్తం 4 టికెట్లు. దీన్ని ట్రిక్సీ అంటారు. విడివిడిగా కూడా ఒక్కొక్క టికెట్ కొంటే 7, అది పేటెంట్. నాలుగు ఎంపికలకు 11 టికెట్లయితే యాంకీ, విడివిడి టికెట్లు కూడా కలిస్తే లక్కీ 15. అయిదింటికి 26, కెనేడియన్. ఆరింటికి 57, దాని పేరు హైంజ్. 57 రకాలు మా దగ్గరున్నాయని డబ్బాల మీద అచ్చేసుకున్న అమెరికా సాసుల కంపెనీ పేరే అది. ఎనిమిదింటికి 247, గోలియత్. బైబిల్లో ఆ గోలియత్ ఒక గొర్రెలకాపరి కుర్రాడు విసిరిన రాయికి నేలకూలాడు. పేరు పెట్టినవాళ్లకు ఆ కథ తెలియకపోదు. ఇంగ్లండు గుర్రప్పందేల దుకాణాల్లో చెలామణి అయ్యే ఈ పేర్లన్నీ ఇప్పుడు మన గద్వాల నడిగడ్డ దాకా నడిచొచ్చాయి.

ఈ విద్య కాస్త ముందే వచ్చుంటే మహాభారతం మరోలా ఉండేదని గురువులకు నమ్మకం. ధర్మరాజు అమాయకుడు, తమ్ముళ్లను ఒక్కొక్కరినే పణం పెట్టి పోగొట్టుకున్నాడు. అదే తనతో కలిపి అయిదుగురినీ ఇద్దరేసి, ముగ్గురేసి, నలుగురేసి, చివరికి అందరినీ ఒకేసారి కూర్చి ఉంటే 26 టికెట్లయ్యేవి. ద్రౌపదిని కూడా చేర్చితే 57, నిక్షేపంలాంటి హైంజ్. అరణ్యవాసం తప్పేది. శకుని చేతిలో పాచికలు మాత్రం అవే ఉండేవి. ఈ చిన్న చిక్కు గురించి గురువు వీడియోలో చెప్పడు.

ఆ చిక్కేమిటో మనకు తెలిసిన ఆటలో చూద్దాం. నడిగడ్డ ఊళ్లలో జాతరలకు బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్ల గిత్తలకు ఒక విభాగం, రెండు పళ్లవాటికి ఒకటి, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు ఒకటి. ఒక్కో విభాగంలో చివరికి రెండు గిత్తల జతలే మిగిలాయనుకుందాం, రెండూ సమఉజ్జీలు. పందెం దుకాణం వాడు వందకు 190 ఇస్తానంటాడు. న్యాయంగా అయితే 200 ఇవ్వాలి, ఆ పది వాడి బతుకుతెరువు. మన శిష్యుడు నాలుగు విభాగాల్లోనూ ఒక్కో జతను ఎంచుకుని, టికెట్‌కు వంద చొప్పున 11 టికెట్లు కొన్నాడు. జేబులోంచి 1,100 రూపాయలు వెళ్లాయి.

ఈ నాలుగు పోటీలూ 16 రకాలుగా ముగియొచ్చు. అందులో 5 రకాల్లో శిష్యుడికి పైసా రాదు. ఒక్క జత గెలిచినా సున్నాయే, ఎందుకంటే ఏ టికెట్ చెల్లాలన్నా కనీసం రెండు గెలవాలి. 6 రకాల్లో సరిగ్గా రెండు గెలుస్తాయి. గురువు మంత్రంలో "రెండు నిలబడితే పైసలొస్తయి" అన్నది ఈ ఘట్టమే. మాట తప్పలేదు, పైసలొచ్చాయి: 361 రూపాయలు. పెట్టింది 1,100. ఫోన్‌లో పచ్చరంగులో "మీరు గెలిచారు" అని వెలుగుతుంది, శిష్యుడు దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెడతాడు, అభినందనలు కురుస్తాయి. 739 రూపాయలు పోగొట్టుకున్నవాడికి ఇంత ఘనసన్మానం మరే రంగంలోనూ జరగదు. మూడు గెలిచే 4 రకాల్లో 1,769 వస్తాయి. నాలుగూ గెలిచే ఒకే ఒక్క రకంలో 6,213. వెరసి 16లో 11 సార్లు నష్టం.

ఆ 6,213 చూసి నోరూరుతుంది, నిజమే. అందుకే సరాసరి కట్టి చూడాలి. పదహారు రకాలూ ఒక్కొక్కసారి జరిగితే శిష్యుడికి సగటున తిరిగొచ్చేది 966. అంటే 1,100 మీద 134 పోయినట్టు, నూటికి 12 పైచిలుకు. అదే 1,100ను నాలుగు జతల మీద విడివిడిగా పెట్టిన పాతకాలపు చదువురాని పందెగాడికి సగటున పోయేది 55. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఒక్క పందెంలో దుకాణం నూటికి 5 కోసుకుంటుంది. రెండు పందేలు కలిపి కడితే కోసిన దాని మీద మళ్లీ కోత: న్యాయంగా నాలుగింతలు రావలసిన చోట 3.61 ఇంతలే. మూడు కలిపితే మూడు కోతలు, నాలుగు కలిపితే నాలుగు. పాండిత్యం పెరిగేకొద్దీ కోత పెరుగుతుంది.

గురువులు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. "గట్ల కాదన్నా, పెద్ద ధర ఉన్నవి పట్టాలె. నాలుగింతలిచ్చేవి రెండు తగిలితే 1,600, పెట్టింది వెనక్కొచ్చి పైన లాభం." లెక్క తప్పేమీ లేదు. కాకపోతే నాలుగింతలు ఊరికే ఇవ్వరు, నాలుగింట ఒకసారి కూడా గెలవని వాటికే ఇస్తారు. పోనీ నాలుగింట ఒకసారి గెలుస్తాయనే అనుకుందాం. అలాంటివి నాలుగు ఎంచుకుంటే కనీసం రెండు గెలిచే అవకాశం నూటికి 26. మిగతా 74 సార్లు 1,100 గంగార్పణం. ఆలు లేదు చూలు లేదు, 1,600కు మాత్రం ఖర్చు పద్దు సిద్ధం.

ఇంతకూ ఆ పదకొండు టికెట్లను విడదీసి చూడండి. రెండేసివి 6, మూడేసివి 4, నాలుగూ కలిసింది 1. ప్రతిదీ మనం ఎంచుకున్న జతలు గెలుస్తాయనే కాసింది. అవి ఓడితే ఆదుకునే టికెట్ పదకొండింట్లో ఒక్కటి లేదు. నాలుగు నమ్మకాలను పదకొండు రకాలుగా తిప్పి కొనుక్కోవడానికి రక్షణ అని పేరు పెట్టారు. పంటల బీమా ఏజెంటు ఎవడైనా "పంట పండితేనే పరిహారమిస్తాం" అంటే వాడిని ఊరి పొలిమేర దాటనిస్తామా?

పోటీకి గోలియత్‌నూ చూద్దాం. టికెట్ వంద చొప్పున 247 టికెట్లంటే 24,700 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే ఎండలో 80 రోజుల మట్టిపని ఒక్క బటన్ నొక్కుడుకు సమానం. "టికెట్ పది రూపాయలే కదన్నా" అని యాప్ బుజ్జగిస్తుంది. పది రూపాయలే, 247 సార్లు.

ఇక గెలిచారే అనుకుందాం. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా, టీవీ వాళ్ల మీద హైదరాబాదులో కేసులు పడ్డాయి. ఆ ఏడాది ఆగస్టులోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ప్రకటనలిచ్చే వాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని అందులో రాశారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందమే చెల్లదు. యాప్ వాడు 6,213 ఇవ్వకుండా మాయమైతే ఏ కోర్టు మెట్లెక్కుతారు? ఈ ప్రమాదాన్ని కవర్ చేసే పన్నెండో టికెట్ ఎందుకో ఎవరూ అమ్మడం లేదు.

"ఇది జూదం కాదు, నైపుణ్యం" అన్నది గురువుల ఆఖరి అస్త్రం. గుర్రప్పందేలలో నైపుణ్యమే ప్రధానమని 1996లో సుప్రీంకోర్టు అన్న మాట పట్టుకొస్తారు. గుర్రం వంశం, జాకీ, బరువు, మైదానం ఎరిగినవాడి గురించి కోర్టు చెప్పిన మాట అది. గ్రూపులో ఎవరో పంపిన నాలుగు పేర్లను కళ్లు మూసుకుని నొక్కడంలో నైపుణ్యం ఎవరిది? బొటనవేలిది.

నైపుణ్యం చూడాలంటే గద్వాల పక్కన సీడ్ పత్తి చేలోకి పోవాలి. వాన కుదరాలి, పూల క్రాసింగ్‌కు కూలీలు దొరకాలి, విత్తనం జీవోటీ అనే స్వచ్ఛత పరీక్షలో నిలవాలి, చివరికి విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్ లెక్క తేల్చాలి. నాలుగూ కలిసొస్తేనే రైతు చేతికి డబ్బు. పుట్టుకతోనే ఇంత పెద్ద పందెం నెత్తిన పడ్డ ఇంటి పిల్లవాడికి ఇంకో పందెం అమ్ముతున్నారు, అదీ భద్రత పేరుతో.

అమ్మేవాడికి మాత్రం భద్రత ఉంది. గురువు పంపిన లింకు నొక్కి చేరిన ప్రతివాడి పేరూ గురువు ఖాతాలో పడుతుంది. ఈ వ్యాపారంలో బాగా చెలామణిలో ఉన్న ఒప్పందం ఒకటుంది: చేర్పించిన వాళ్లు పోగొట్టుకున్న సొమ్ములో చేర్పించిన వాడికి వాటా. అలాంటి ఒప్పందం ఉన్న గురువుకు శిష్యుడు గెలిస్తే నష్టం, ఓడితే పండుగ. కాబట్టి ఈసారి గ్రూపులో "ఈ రాత్రికి పక్కా యాంకీ" అని వచ్చినప్పుడు, మ్యాచుల గురించి అడగొద్దు తమ్ముడూ. ఒక్క ప్రశ్న అడుగు: "అన్నా, నీ కమీషన్ నా గెలుపు మీదా, ఓటమి మీదా?" జవాబు రాదు. గ్రూపులోంచి నిన్ను తీసేస్తారు. అంత లాభం నీకు ఏ యాంకీలోనూ రాదు.