అద్దాలమేడ నోటీసు: సర్వంకష వ్యాఖ్యాసహితం

మూలం: “మా వాణిజ్య సముదాయపు ముఖభాగపు అద్దముల శుద్ధి నిమిత్తమై 20 మీటర్ల యోగ్యమైన ఏరియల్ లిఫ్టును సమకూర్చగల అర్హులైన సంస్థల నుండి అత్యల్ప ధరలకు కొటేషన్లు ఆహ్వానించడమైనది. భద్రతయే మా ప్రథమ ప్రాధాన్యము.”

అవతారిక: ఈ కృతి మాదాపూర్‌లో ఒక ఐదంతస్తుల ఆఫీసు భవనం సెక్యూరిటీ గది తలుపుకు అంటించి ఉంది. కర్త ఎవరో తెలియదు. అడుగున ఉన్నది సంతకమో, పెన్ను రాస్తుందో లేదో చూసుకున్న గీతో పండితులు తేల్చాలి. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కలం పట్టాడు. మాఘ కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. వేదం వెంకటరాయశాస్త్రి గారు శృంగార నైషధానికి రాసిన వ్యాఖ్యకూ అదే పేరు. అన్నిటినీ రుద్ది వదిలిపెట్టేది అని అర్థం కాబట్టి అద్దాలు తుడిచే నోటీసుకు నేనూ అదే పెట్టుకున్నాను. మల్లినాథుడి ఒట్లలో మొదటిది పాటిస్తాను. రెండోది నావల్ల కాదు.

అద్దముల, శుద్ధి, నిమిత్తమై: సుగమం.

ముఖభాగపు: వెనకవైపు అద్దాలు జనరేటరు పొగ తాగుతూ అలాగే ఉండవచ్చునని ధ్వని. అటు క్లయింట్లు రారు.

20 మీటర్ల: ఇక్కడ కవి హృదయం దుర్గమం. ఏది 20 మీటర్లు? అద్దం పై అంచా, బాస్కెట్ అడుగా, లేక తుడిచేవాడి వేలికొసా? కేటలాగుల్లో రెండు ఎత్తులు ఉంటాయి. ప్లాట్‌ఫారం హైట్ అంటే మనిషి పాదాలు ఉండేచోటు. వర్కింగ్ హైట్ అంటే దానికి సుమారు 2 మీటర్లు కలిపి పెద్ద అక్షరాల్లో వేసేది. ఆ 2 మీటర్లు యంత్రంలో ఎక్కడా లేవు. అవి కూలివాడి ఒంట్లోంచి తీసి కలిపినవి. బల్బు మార్చేవాడు క్షణం చేతులెత్తితే సరిపోతుంది. అద్దం తుడిచేవాడు పొద్దస్తమానం చేతులెత్తి వైపర్ లాగాలి. లాగిన ప్రతిసారీ సిమెంటు దుమ్ము కలిసిన నీళ్లు మణికట్టు దిగి, మోచేయి దాటి, చొక్కా చేతిలోంచి చంకలోకి పోతాయి. మధ్యాహ్నానికి భుజాలు పడిపోతాయి. అద్దం పై అంచు 20 మీటర్లయితే అద్దెకు తేవలసిన యంత్రం ఇంకో సైజు పెద్దది. ఈ ముక్క కొటేషన్ ఇచ్చేవాడికి తెలుసు, అడిగేవాడికి అక్కర్లేదు.

యోగ్యమైన: దేనికి యోగ్యం? సిజర్ లిఫ్టు నిటారుగా లేస్తుంది, పక్కకు చెయ్యి చాపలేదు. చదునైన గట్టి నేల, అద్దం దాకా వెళ్లే దారి ఉంటే అది చాలు. కాని ఈ భవనం ముందు గ్రానైట్ మెట్లు, పూలకుండీలు, బయటికి పొడుచుకొచ్చిన పోర్టికో ఉన్నాయి. వాటిని దాటి లోపలికి వంగడానికి మడతచేతి బూమ్ లిఫ్టు కావాలి. తిన్నని టెలిస్కోపిక్ బూమ్ దూరం సాగుతుంది, కాని అడ్డొచ్చినదాన్ని చుట్టి వెళ్లలేదు. సరే, మడతచేతిదే తెద్దాం. 20 మీటర్ల వర్కింగ్ హైట్ ఇచ్చే బూమ్ బరువు దాదాపు 10 టన్నులు. అది నిలబడబోయే వాకిలి నేల కాదు, సెల్లారు పార్కింగుకు కప్పు. ఆ స్లాబు ఎంత మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజనీరును అడిగిన నోటీసు నేనింతవరకు చదవలేదు. స్లాబు మోయకపోతే తేలికైన స్పైడర్ లిఫ్టు తెచ్చి, దాని కాళ్ల కింద పలకలు వేసి బరువు పంచాలి. యోగ్యమనే ఒక్క విశేషణంలో ఇదంతా ఇమిడ్చిన కర్త సంక్షిప్తతకు నమస్కారం.

ఏరియల్ లిఫ్టు: తెలుగు సాహిత్యంలో దీని ప్రథమ వినియోగదారుడు మనుచరిత్రలోని ప్రవరాఖ్యుడని నా సిద్ధాంతం. పుష్పకం పేరెత్తేవారు ఉంటారు, కాని అది సొంత వాహనం. ప్రవరుడిది ఒక పని కోసం, ఒక్క రోజుకు తెచ్చుకున్న ఏర్పాటు. అరుణాస్పదపురం విడిచి ఎరగని గృహస్థు. అతిథిగా వచ్చిన సిద్ధుడు పాదాలకు లేపనం పూసి చక్కా పోయాడు. ఎక్కడం చూపించాడు, దిగడం చెప్పలేదు. కరిగే గుణం ఉందా అని ప్రవరుడూ అడగలేదు. హిమాలయం మీద మంచునీటికి లేపనం కరిగింది. జూలూరి అప్పయ్య పండితుడు మొదలు (బ్రౌను ఆయన చేత రాయించిన వ్యాఖ్య 1851లో అచ్చయింది) ఇప్పటి లెక్చరర్ల వరకు అందరూ వరూధిని దగ్గర ఆగుతారు. నేను ఆ నీళ్ల దగ్గర ఆగుతాను. నీళ్లతో చెడిపోయే సాధనాన్ని నీళ్లుండే చోటికి పంపడం సిద్ధుడి తప్పు. బూమ్ మీద కంట్రోలు పెట్టెకు కవరు వెయ్యకుండా పక్కన బకెట్టు పెట్టే కాంట్రాక్టరు ఆయన శిష్యపరంపరలోని వాడే. ఇక వరూధిని. దారి చెప్పమంటే అదొక్కటి తప్ప అన్నీ మాట్లాడింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినవారికి ఆ ఘట్టం వ్యాఖ్య లేకుండానే అర్థమవుతుంది. చివరికి ప్రవరుణ్ణి ఇల్లు చేర్చినది అగ్నిహోత్రుడు, అంటే ఆయన ఇన్నాళ్లూ నిత్యం మెయింటెనెన్సు చేసుకున్న దేవుడు. బూమ్‌కు అడుగున రెండో కంట్రోలు పెట్టేది అందుకే. పైవాడు స్పృహ తప్పినా, మీటలు పనిచేయకపోయినా కింది నుంచి దించవచ్చు. దానికి తాళంచెవి కావాలి, తిప్పడం తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి తాళంచెవితో సహా టీకి పోతాడు.

నోటీసు సంగతి మరిచాను.

పూర్వపక్షం: అసలు ఎక్కడం దేనికి? నేల మీద నిలబడి పొడుగాటి కర్ర చివర బ్రష్షుకు నీళ్లు పంపి నాలుగంతస్తుల దాకా కడగవచ్చు. బోరునీళ్లయితే తెల్ల మరకలు మిగులుతాయి కాబట్టి లవణాలు తీసేసిన నీళ్లు వాడాలి. సమాధానం: గట్టి వాదమే. కాని ఏళ్ల తరబడి పట్టిన సిమెంటు చుక్కలు, సిలికాన్ చారలు కర్రకు లొంగవు. మొదటిసారి చేతితోనే గీకాలి, తర్వాత కర్ర చాలు. నోటీసులో కర్ర ఊసే లేదు.

అర్హులైన: అతిశయోక్తి.

అత్యల్ప ధరలకు: కృతికి ప్రాణం. తక్కిన పదాలన్నీ దీనికి పరిచారికలు. అత్యల్ప ధరకు వచ్చే బాస్కెట్‌లో ఏమవుతుందో చూశాను. మోయగలిగేది 230 కిలోలు. ఇద్దరు మనుషులు 150, 20 లీటర్ల బకెట్లు రెండు 40, సామాను ఇంకో 10. ఇంతవరకు క్షేమం. అప్పుడు వాట్సాప్‌లో ఫొటోలు పంపాలని సూపర్‌వైజరు ఎక్కాడు. ఆ ఫొటో కోసం అందరూ బెల్టులు కట్టుకున్నారు. హుక్కులు మాత్రం బాస్కెట్‌లోని కొండీకి తగిలించలేదు, నడుముల వెనక వేలాడుతున్నాయి. కింద చక్రం చిన్న గుంటలో దిగినా పైన బాస్కెట్ విసిరికొడుతుంది. మే నెల సాయంత్రం ఈదురుగాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరుబయట వాడే యంత్రాలకు సాధారణంగా గాలి హద్దు సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. గాలిని కొలిచే పరికరం ఆ చోట ఎవరి దగ్గరా లేదు. “గాలొస్తే దిగుతాం సార్” అన్నాడు అందులో చిన్నవాడు. సార్ అప్పటికే వంగి కిందికి ఫొటో తీస్తున్నాడు.

భద్రతయే మా ప్రథమ ప్రాధాన్యము: ప్రథమమైనది చివర రావడం క్రమభంగ దోషం. ధర తరువాత వచ్చింది గనక యథాక్రమమేనని కొందరు.

పాఠాంతరం: సెల్లారులో అంటించిన ప్రతిలో “ఏరియల్ లిఫ్టును” అనే మాట పెన్నుతో కొట్టేసి, పైన “తాడు వాళ్లయినా పర్లేదు” అని ఉంది. అక్షరాలు, సిరా సంతకంతో సరిపోతున్నాయి. ప్రక్షిప్తం కాదు.