ఇల్లంతా మూటగట్టి ఇటలీ రైలెక్కడం ఎలా?

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగం బండిలో గంటన్నర. రోమ్ నుంచి మిలాన్‌కు మూడు గంటలు. ఊరి నడిబొడ్డున ఎక్కుతారు, ఊరి నడిబొడ్డున దిగుతారు. ఇంత సుఖంగా తిరిగొస్తే చుట్టాలకు చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? కాళ్లు వాయలేదు, నడుం పట్టలేదు, పెట్టె చక్రం ఊడలేదు. అలాంటి చప్పిడి ప్రయాణం మీకు ఎదురుకాకూడదంటే కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. పెట్టె కొలత విమానం వాళ్లకే వదిలేయండి

విమానం వాళ్లు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు చొప్పున అనుమతించారనుకోండి. కుటుంబంలో నలుగురు, పెట్టెలు ఎనిమిది. చేతులు కూడా ఎనిమిదే. లెక్క సరిపోయింది. ఆ చేతుల్లో రెండు ఆరేళ్ల పిల్లాడివి కదా అని ఎవరైనా అడిగితే, వాడికి బలం రావాలి కదా అనండి.

ఇటలీ రైళ్లలో పెట్టెలను తూచేవాళ్లు ఉండరు. అది చూసి మురిసిపోండి, టేపు సంగతి మరిచిపోండి. ఫ్రెచ్చారోస్సా అనే వేగం బళ్లలో మామూలు తరగతి ప్రయాణికుడికి రెండు పెట్టెలే. ఒక్కోదాని పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 161 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే 50 యూరోలు కట్టి, తర్వాతి స్టేషన్లో సామాను దించేయమంటారు. 28 అంగుళాల పెట్టె చక్రాలతో కలిపి ఆ గీత దగ్గరకొచ్చి ఆగుతుంది. 32 అంగుళాలది నిక్షేపంగా దాటేస్తుంది. కాబట్టి 32 అంగుళాలదే కొనండి. ఎలాగూ ఆషాఢం డిస్కౌంటు ఉంటుంది.

2. సర్దేటప్పుడు ఒక్కటే సూత్రం: ఎందుకైనా మంచిది

ఏ వస్తువునైనా చేతిలోకి తీసుకుని "ఇది అక్కడ దొరుకుతుందా?" అని అడక్కండి. దొరుకుతుందని తేలితే పెట్టె ఖాళీగా మిగిలిపోతుంది. "ఎందుకైనా మంచిది" అనుకుని లోపల పడేయండి.

ముందుగా అయిదు కిలోల సోనా మసూరి. యూరోపియన్ యూనియన్ మొత్తంలో వరి ఎక్కువగా పండేది ఇటలీలోనే. మిలాన్ నుంచి టోరినో వెళ్లే దారిలో నొవారా, వెర్చెల్లి చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో కిటికీలోంచి చూస్తే నీళ్లు పెట్టిన మళ్లు, మధ్యలో గట్లు, కొంగలు. గోదావరి జిల్లాలో ఉన్నామా అనిపిస్తుంది. ఆ మళ్ల మీదుగా మన బియ్యం మనం ఒళ్లో పెట్టుకుని వెళ్తుంటే ఉండే ధీమా వేరు.

తర్వాత ఆవకాయ. డబ్బా మూత బిగించి, దాని మీద పాలిథీన్ కవరు, కవరు మీద రెండు రబ్బరు బ్యాండ్లు, ఆపైన పాత టవలు, దాని మీద ఇంకో కవరు. ఇంత చేశాక దాన్ని లేత రంగు చొక్కాల పక్కనే పెట్టాలి. పెట్టె నిలబెట్టినప్పుడు డబ్బా పడుకుంటుంది, పడుకోబెట్టినప్పుడు తలకిందులవుతుంది. ఏ గంటకో ఆవకాయ నూనె టవలు అంచు దాటి జిప్పు దగ్గర నారింజ రంగు గీతలా కనిపిస్తుంది. బోగీలో వాళ్లంతా ముక్కులెగరేస్తారు. దక్షిణాన కలాబ్రియా వాళ్లు మనకు తీసిపోకుండా మిరపకాయలు తింటారని, నూనెలో ఊరేసిన మిరప సీసాలు అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయని అమ్మకు మాత్రం చెప్పకండి.

రైస్ కుక్కర్ తప్పనిసరి. వోల్టేజీ మనలాగే 230, బాగానే పనిచేస్తుంది. గోడ సాకెట్లో మూడు కన్నాలూ ఒకే వరుసలో ఉంటాయి, మన లావు మూడు కాళ్ల ప్లగ్గు అందులో పట్టదు. అరచేతిలో ఇమిడే అడాప్టర్‌ను అందుకే ఇంట్లో మరిచిపోవాలి.

నీళ్ల సీసాలు ఓ అరడజను. రోమ్ వీధుల్లో నసోనె అనే ఇనుప కొళాయిలు దాదాపు 2,500 ఉన్నాయి. రాత్రింబవళ్లు చల్లటి మంచినీళ్లు ఊరికే పోతూనే ఉంటాయి. ఊరికే వచ్చేదానికి విలువేముంది?

3. దిగగానే చవక బండి చూసుకోండి

రోమ్‌లో ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో తెర్మినీ స్టేషన్‌కు చేరుస్తుంది. టికెట్టు 14 యూరోలు. అంత పోసి ఎవరెక్కుతారు? అంతకంటే చవకైన ఎఫ్ఎల్1 లోకల్ ఎక్కండి. అది తెర్మినీకి అసలు వెళ్లదు. త్రస్తేవెరె, ఓస్తియెన్సె, తిబుర్తీనా మీదుగా పోతుంది. దారిలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు ఎక్కుతారు. మీ ఎనిమిది పెట్టెలూ తలుపు దగ్గరే ఉంటాయి కాబట్టి వాళ్లందరితో పరిచయం ఏర్పడుతుంది.

లోకల్‌కు కాగితం టికెట్టు కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. రెండు చేతులా పెట్టెలు పట్టుకున్నవాళ్లకు అది కుదిరే పని కాదు. టీసీ వచ్చి జరిమానా రాసేటప్పుడు ఈ కారణమే చెప్పండి. ఓపిగ్గా విని, రాసేసి వెళ్తాడు.

4. ప్లాట్‌ఫారం నంబరు మీ ఊహకే వదలండి

ఇటలీ పెద్ద స్టేషన్లలో ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో బోర్డు మీద పడేది చాలాసార్లు బయల్దేరడానికి పది పదిహేను నిమిషాల ముందే. బినారియో అని ఉండే గడి అప్పటిదాకా ఖాళీగా ఉంటుంది. బుద్ధిమంతులు హాలు మధ్యలో, బోర్డు కింద నిలబడతారు. మీరు మాత్రం నిన్న 3లోంచి వెళ్లింది కాబట్టి ఇవాళా 3లోంచే వెళ్తుందని తీర్మానించి, సామానంతా ఆ చివరకు చేర్చండి. తెర్మినీలో 25 నుంచి మొదలయ్యే ప్లాట్‌ఫారాలు ప్రధాన హాలు నుంచి చాలా దూరం నడిస్తే గానీ రావు. మీ బండి అక్కడికే వస్తుంది.

ఈ సమయంలోనే ఒకాయన ప్రత్యక్షమవుతాడు. యూనిఫాం ఉండదు, నవ్వు ఉంటుంది. మీరు అడక్కుండానే పెట్టె అందుకుంటాడు, బోగీ చూపిస్తాడు, పైకి ఎక్కిస్తాడు. ఎంత మర్యాదస్థులో అనుకుని మీరు చేతులు జోడిస్తారు. ఆయన చెయ్యి చాపుతాడు. సికింద్రాబాద్‌లో ఎర్రచొక్కా కూలీతో యాభై రూపాయల దగ్గర పావుగంట బేరమాడిన మీరు, ఇక్కడ భాష రాక నోరెత్తకుండా పది యూరోలు ఇచ్చేస్తారు.

5. బోగీలోకి ఎక్కాక తొందరపడకండి

మన రైలైతే సీటు కింద పెట్టె తోసి, గొలుసు చుట్టి, తాళం వేసి, ఆ తాళంచెవి జంధ్యానికో మెడలో గొలుసుకో కట్టుకుని పడుకోవచ్చు. ఇటలీ బళ్లలో సీటు కింద చోటు కాళ్లకే. పెద్ద పెట్టెలకు బోగీ చివర చిన్న అర ఉంటుంది, ముందొచ్చినవాళ్లు నింపేస్తారు. వీపులానించుకున్న రెండు సీట్ల మధ్య ముక్కోణం సందు ఉంటుంది. మధ్యస్థం పెట్టె అందులో చక్కగా కూర్చుంటుంది. ఈ సంగతి తెలియనట్టే ఉండండి.

మీ బోగీ 9 అయితే 3లో ఎక్కండి. అక్కడి నుంచి నడవలో ఒక్కో పెట్టె ఈడ్చుకుంటూ, ఒక్కో మోకాలికీ "స్కూజి" చెప్పుకుంటూ రండి. మధ్యలో కాఫీ బోగీ తగులుతుంది. అక్కడ కౌంటరు దగ్గర నిలబడి తాగేవాళ్లను కప్పులు పైకెత్తి పట్టుకోమని సైగ చేయండి.

చివరికి సీటు చేరాక పెట్టెను తలపై అరలోకి ఎత్తాలి. బావగారు కింద నుంచి, బావమరిది సీటు మీదెక్కి పై నుంచి. "ఎత్తు బావా!" "ఎత్తుతున్నాను రా, నువ్వు లాగు!" పెట్టె సగం లోపల, సగం బయట ఆగిపోతుంది. దాని కింద సీట్లో కూర్చున్న పెద్దావిడ పుస్తకం మూసి, పైకి ఒకసారి చూసి, లేచి ఇంకో సీటుకు వెళ్లిపోతుంది. చోటు దొరికింది కదా, అక్కడ కుక్కర్ సంచి పెట్టండి.

6. ఫ్లోరెన్స్‌లో కంగారు పడటం మరవకండి

ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా స్టేషన్లో పట్టాలు అక్కడితో అయిపోతాయి. వెనిస్‌కు పోయే బండి తలవైపు నుంచి వచ్చి, కాసేపు ఆగి, తోకవైపు నుంచి బయల్దేరుతుంది. అప్పటిదాకా ముందుకు కూర్చున్నవాళ్లు వెనక్కు పోతున్నట్టు ఉంటుంది. అది చూడగానే "అయ్యో, మళ్లీ రోమ్‌కే పోతోంది!" అని అరిచి, పెట్టెలన్నీ దించండి. పక్కవాళ్లు సంగతి చెప్పాక మళ్లీ ఎక్కించండి. జిమ్ములకు వేలకు వేలు పోసేవాళ్లు దీన్ని చూసి నేర్చుకోవాలి.

7. వెనిస్‌లో చక్రాలను నమ్ముకోండి

ముందుగా మెస్త్రె స్టేషన్లో దిగిపోండి, బోర్డు మీద వెనిస్ అనే ఉంటుంది. అసలు దీవికి పోవాలంటే సముద్రం మీద వంతెన దాటి సాంతా లూచీయా దాకా వెళ్లాలి. ఆ రైలు వంతెన 1846 నాటిది. ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే స్టేషన్ గడప దగ్గరే గ్రాండ్ కెనాల్ కనిపిస్తుంది.

ఆ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలు. దాదాపు అన్నింటికీ మెట్లే. కార్లు లేవు, ఆటోలు లేవు. హోటలు మ్యాపులో పావు మైలే కనిపిస్తుంది, మధ్యలో వచ్చే అయిదు వంతెనలను మ్యాపు ప్రస్తావించదు. స్టేషన్ పక్కనే కలత్రావా అనే ఆర్కిటెక్ట్ కట్టిన గాజు మెట్ల వంతెన 2008 నుంచి ఉంది. వానపడితే మెట్లు జారతాయి. ఆ వంతెన రూపకల్పనలో నిర్లక్ష్యం చూపాడని 2019లో అక్కడి ఆడిట్ కోర్టు ఆయనకు 78,000 యూరోల జరిమానా వేసింది. మీ పెట్టెను ఆ మెట్ల మీద టకటకా దించండి. అంత పేరున్న నిర్మాణంలో మన ముద్ర కూడా ఉండాలి.

రాతి పలకల మీద చక్రాల చప్పుడుకు అక్కడివాళ్లు ఏళ్లుగా విసిగి ఉన్నారు. 2014లో గట్టి చక్రాలను నిషేధించాలన్న ప్రతిపాదన వచ్చి, ప్రపంచమంతా గోలపెట్టాక, అది సరుకుల బళ్లకే అని సర్దుకున్నారు. అంటే మీకు అడ్డు లేదు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరండి.

8. బస కొర్నీల్యాలో తీసుకోండి

చింక్వె తెర్రె అంటే అయిదు ఊళ్లు. మోంతెరోస్సో, వెర్నాజ్జా, మనరోలా, రియోమజ్జోరె సముద్రం పక్కనే ఉంటాయి. కొర్నీల్యా ఒక్కటే కొండ నెత్తిన. రైలు దిగాక ఊళ్లోకి 33 వరుసల్లో 382 మెట్లు. స్టేషన్ నుంచి చిన్న బస్సు పైకి పోతుంది, కానీ మెట్లు ఎక్కితేనే పుణ్యం అన్న సంస్కారం మనది. తిరుపతి కొండకు నెత్తిన పెట్టె పెట్టుకుని ఎవరూ నడవరు గాక నడవరు, మీరు చరిత్ర సృష్టించవచ్చు.

ఈ దారిలో బళ్లు ఆగేది కొద్దిసేపే. కొన్ని ఊళ్లలో ప్లాట్‌ఫారం పొట్టిది, సగం బోగీలు సొరంగంలోనే ఆగుతాయి. బయట చీకటి చూసి సిగ్నల్ కోసం ఆగిందనుకుని కూర్చోండి. పోనీ లేచి తలుపు దాకా వెళ్లారే అనుకుందాం, అక్కడున్న బటన్ మాత్రం నొక్కకండి. తలుపే తెరుచుకోవాలి గానీ మనం అడుక్కోవడమేమిటి? తర్వాతి ఊరు రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది.

9. క్లోక్ రూమ్ వైపు కన్నెత్తి చూడకండి

పెద్ద స్టేషన్లలో డెపోజితో బగాల్యి అనే బోర్డు ఉంటుంది. గంటల లెక్కన డబ్బు తీసుకుని సామాను దాచిపెడతారు. పీసా గోపురం చూసి సాయంత్రం ఫ్లోరెన్స్ పోవాలనుకుంటే ఇదొక్కటి చాలు. అందుకే వద్దు. గోపురం పైకి చిన్న హ్యాండ్‌బ్యాగును కూడా రానివ్వరు. అందువల్ల ఒకరు సామాను దగ్గర కూర్చోవాలి, మిగతావాళ్లు ఎక్కి దిగాలి, తర్వాత మార్చుకోవాలి. ఎవరు ముందు కూర్చోవాలన్న దాని మీద వచ్చే మాట పట్టింపులు హైదరాబాద్‌లో దిగేదాకా సరిపోతాయి.

10. బియ్యం అయిపోతే ఖాళీ వదలకండి

పెట్టె తేలికైందని గమనించిన రోజే ఆలివ్ నూనె డబ్బాలు, మురానో గాజు కూజా, పింగాణీ పళ్లాలు కొనండి. గాజుకు చోటు కావాలి కాబట్టి చలికోట్లు ఒంటిమీద వేసుకోండి. జూలైలో రోమ్ ఎండ కూడా మన ఎండలాంటిదే.

11. ఒక్క సంచి మనుషులతో జాగ్రత్త

ఇన్ని చెప్పినా మీ బోగీలో ఒకరిద్దరు వీపున సంచి, భుజాన నీళ్ల సీసాతో కనిపిస్తారు. బండి ప్లాట్‌ఫారానికి వచ్చేదాకా బార్ దగ్గర నిలబడి ఎస్ప్రెస్సో తాగుతారు. మూడు జతల బట్టలు, స్టేషన్ దగ్గరి లాండ్రీలో నాణేలు వేసి ఉతుక్కుంటారు. ఆకలేస్తే ఆ ఊళ్లో అందరూ తినేదే తింటారు, మందుబిళ్లలు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకుంటారు. అడిగితే రహస్యమేమీ లేదంటారు, ఇక్కడా మనుషులే బతుకుతున్నారు కదా అంటారు. పిల్లలు ఆ మాట వినకుండా చూసుకోండి.

అలాగని వాళ్లకు మరీ దూరంగా కూర్చోకండి. పెట్టె అరలో సగం దూరి ఇరుక్కున్నప్పుడు లేచి వచ్చి చెయ్యి వేసేది వాళ్లే. బోగీ మొత్తంలో చేతులు ఖాళీగా ఉండేది వాళ్లవే మరి.